కుడి భుజం దిగిన గౌను

మొస్యూ పల్లె నుంచి తిరిగొచ్చాడంటే మర్నాడు బొమ్మలు పరిచే రోజని ఇంట్లో అందరికీ తెలుసు. ఇల్లంటే కాపురముండే ఇల్లు కాదు. పారిస్‌లో గొప్పింటి ఆడవాళ్లకు గౌన్లు కుట్టే చోటును, అక్కడ పనిచేసేవాళ్లు ఇల్లనే అంటారు. యజమాని వొత్రెల్‌ను పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఉత్త మొస్యూ, అంటే అయ్యగారు.

యుద్ధం నాటి రేషను గుడ్డ సంగతి మర్చిపోయి, మళ్లీ గజాలకు గజాలు పావడాల్లో పోస్తున్న రోజులవి. కొత్త గౌన్ల ప్రదర్శనకు ముందు మొస్యూ బుర్గోన్‌లో తన ఊరి ఇంటికి వెళ్లి, నోరు మూసుకుని కూర్చుని బొమ్మలు గీసేవాడు. మంచి కాగితం పక్కనే ఉన్నా దాని జోలికి వెళ్లేవాడు కాదు. ద్రాక్షసారా కొట్టు రసీదుల వెనక, చిరిగిన కవర్ల మీద, చక్కెర పొట్లం కట్టిన నీలం కాగితం మీద, ఏది చేతికందితే దాని మీద గీసేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన పెట్టెలో చొక్కాల కంటే చిత్తు కాగితాలే ఎక్కువ ఉండేవి.

ఆ కాగితాలన్నీ పొడుగాటి బల్ల మీద పరిచేవారు. కుట్టుగదుల పెద్దలు తెల్లకోట్లు వేసుకుని బల్ల చుట్టూ తిరిగేవారు. ఎవరి మనసుకు ఏది పడితే దాన్ని తీసుకోవాలి. తీసుకున్న బొమ్మను మళ్లీ బల్ల మీద పెట్టకూడదు. ఎందుకు పెట్టకూడదని అడిగినవాళ్లు లేరు. పెట్టినవాళ్లూ లేరు.

ఒదీల్‌కు ఆ బల్ల చుట్టూ తిరగడం అదే మొదటిసారి. నిన్నమొన్నటి దాకా ఆమె పైఅంతస్తు గదిలో రెండో మనిషి. గది పెద్ద మదాం బ్లోందోకి కళ్లు ఆనక, పని మానేసి సముద్రం పక్కన చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఇంటి వ్యవహారాలు చూసే డైరెక్టరమ్మ ఒదీల్‌ని పిలిచి, "గది నువ్వు చూసుకో. ఈ సీజను ఎలా ఉంటుందో చూద్దాం" అంది. తలుపు మీద బ్లోందో పేరు చెరిపించి ఒదీల్ పేరు రాయించింది. రంగుతో కాదు, సుద్దతో. ఒదీల్ రోజూ ఆ తలుపు తీసేటప్పుడు అక్షరాలకు భుజం రాసుకోకుండా పక్కకి ఒదిగి వెళ్లేది.

మదాం పెరిగో ఎదుటి గది పెద్ద. ఇంట్లో అందరికంటే పాత మనిషి. అడవిలో పుట్టగొడుగులు ఏరేదానిలా, పక్కవాళ్లు వంగేలోపే, రాత్రి విందులకు వేసుకునే పెద్ద పెద్ద గౌన్ల బొమ్మలు ఏరేసుకుంది. ఒదీల్ ఇంకా బల్ల చివర్నే ఉంది. అక్కడ నీలం చక్కెర కాగితం ముక్క ఒకటి కనబడింది. ఒక పక్క చింపేసినట్టు ఉంది. దాని మీద నల్ల పెన్సిలుతో, పగటిపూట వేసుకునే గౌను. ఓ ఆడమనిషి నడిచి వెళ్తోంది. ముఖం గీయలేదు. కుడి భుజం దిగి ఉంది. నడుం పట్టీ ఏటవాలుగా ఉంది. పావడా బరువంతా కుడి పక్కకి లాగినట్టుంది. ఎడమచెయ్యి ఒంటికి ఎడంగా గాల్లో చాచి ఉంది. కుడిచెయ్యి కిందికి దిగి, మణికట్టు దగ్గర కాగితం చిరుగులో కలిసిపోయింది.

ఎందుకు తీసిందో ఆమెకే తెలీదు. చెయ్యి దానంతటదే వెళ్లింది.

"అదా తీశావు?" పెరిగో పక్కకొచ్చి మెల్లగా అంది. "భుజం జారిన గౌను ఎవరు వేసుకుంటారే, తాగి ఇంటికెళ్లేవాళ్లు తప్ప?"

"గీత అబద్ధమాడదని మీరే కదా అంటారు, మదాం."

"గీత ఆడదమ్మా. దాన్ని చదివేవాళ్లు ఆడతారు."

ఏ గౌనైనా ముందు కోరా గుడ్డతో కుట్టి చూపించాలి. అది మొస్యూకి నచ్చితేనే అసలు గుడ్డకు కత్తెర తగులుతుంది. ఒదీల్ కోరా గుడ్డను చెక్క మొండెం మీద వేసి గుండుసూదులు గుచ్చుతూ, బొమ్మలో ఉన్నది ఉన్నట్టు తీసింది. కుడి భుజం దించింది. నడుం పట్టీ వాల్చింది. పావడాలో కుడి పక్కన గుడ్డ ఎక్కువ పోసింది. ఆ గౌనును యోలాంద్ అనే మోడల్‌కు వేసి కిందకు తీసుకెళ్లింది.

మొస్యూ ఎప్పుడూ గౌనును ఎదురుగా చూడడు. అద్దం ముందు కుర్చీలో కూర్చుని, వెనక నిలబడ్డ మోడల్‌ను అద్దంలోనే చూస్తాడు. మనిషిని చూస్తే జాలేస్తుందట, అద్దానికి జాలి ఉండదట. ఆ రోజు చాలాసేపు చూశాడు.

"బొమ్మ చూడు, ఒదీల్" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఆమె పైకెళ్లి బొమ్మ చూసింది. భుజం సరిపడా దించలేదేమో అనుకుంది. ఇంకా దించింది. ఎడమ భుజం కింద దూది పెట్టి ఎత్తింది. కుడి పక్క ఇంకా గుడ్డ పోసింది. రెండోసారి అద్దంలో చూసి మొస్యూ కళ్లు మూసుకున్నాడు.

"గౌను నడవడం లేదు" అన్నాడు.

మెట్లెక్కుతూ యోలాంద్ అంది: "నేను నడుస్తూనే ఉన్నా కదా మదాం. గౌనే నాతో రావట్లేదు. గోనెసంచీ కట్టుకుని తిరిగినట్టుంది."

"నోరు మూసుకుని నడు."

"మూసుకునే ఉన్నా. ఇది ముక్కుతో మాట్లాడుతున్నా."

శుక్రవారం మూడోసారి చూపించాలి. అదీ నచ్చకపోతే బొమ్మ ఇంకో గదికి మారుతుంది. ఇంట్లో అంతకంటే పరువుతక్కువ పని లేదు. ఒకాయనకు అలాగే బొమ్మ గది మారితే, ఆ సీజను దాటకుండానే ఆయనా ఇల్లు మారాడు. ఇప్పుడు ఎక్కడో కిటికీ తెరలు కుడుతున్నాడని చెప్పుకుంటారు. తలుపు మీద సుద్దతో రాసిన పేరు చెరపడానికి తడిగుడ్డ చాలు. ఒదీల్‌కు అది తెలుసు. గదిలో అమ్మాయిలకు కూడా తెలుసు. అందుకే వాళ్లు పాటలు పాడుకోవడం మానేశారు.

భోజనాల దగ్గర పెరిగో వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. టిఫిను గిన్నెలో ఆప్రికాట్ పళ్లతో కాల్చిన రొట్టె ఉంది. దాన్ని రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ఒదీల్ వైపు తోసింది.

"తిను. శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చోకు."

"ఆకలి లేదు మదాం."

"ఆకలితో ఎవరు తినమన్నారు? నా చేత్తో చేశాను. తినకపోతే నాకు కోపం." ఒదీల్ తినేదాకా చూసి, గొంతు తగ్గించింది. "బొమ్మ మారితే నా గదికే వస్తుంది. తెలుసుగా?"

"తెలుసు."

"నాకు వద్దే తల్లీ. నిన్న నీ గుమ్మంలోంచి తొంగిచూశాను. దాని తలాతోకా నాకూ అర్థం కాలేదు. నాకొస్తే నేనూ తల వంచుకోవాలి ఈ వయసులో. అంచేత నువ్వే ఎలాగో దాన్ని తేల్చు."

ఒదీల్‌కు నవ్వొచ్చింది. అన్నిరోజుల తర్వాత నవ్వడం అదే.

గురువారం ఎండ మండిపోయింది. చుట్టూ ఇళ్ల జింకు రేకు కప్పుల మీంచి సెగ లేచి పైఅంతస్తు కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. ఊరంతా కుళాయిలు తిప్పుకుని కూర్చుందేమో, మధ్యాహ్నానికి వాళ్ల అంతస్తు కుళాయి బుసకొట్టి ఆగిపోయింది. ఇస్త్రీకి తడిగుడ్డ కావాలి. నీళ్లు లేవు. యోలాంద్ మూడో కోరా గౌను వేసుకుని అప్పటికి చాలాసేపట్నుంచి నిలబడి ఉంది. ముడతలు పడతాయని ఆమెను కూర్చోనివ్వరు.

"నేను కిందంతస్తు నుంచి తెస్తాను" అంది యోలాంద్.

"ఆ గౌనుతోనా?" అంది రెండో మనిషి జినెత్.

"కూర్చోవద్దన్నారు. నడవద్దని ఎవరూ అనలేదు. ఇలాగే నిలబడితే చెట్టులా నాకు వేళ్లు మొలుస్తాయి."

ఒదీల్ నోటినిండా గుండుసూదులు ఉన్నాయి. వద్దని చెప్పేలోపే యోలాంద్ రేకు బాల్చీ తీసుకుని వెనకమెట్ల వైపు వెళ్లిపోయింది. పోతే పోయిందిలే అనుకుంది ఒదీల్. గౌను ఎలాగూ బాగాలేదు. తడిస్తే పోయేదేముంది.

కాసేపటికి మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. బరువుతో పడే అడుగులు. యోలాంద్ గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. కుడిచేతిలో నిండు బాల్చీ. కుడి భుజం కిందికి లాగేసింది. నీళ్లు తొణకకుండా ఎడమచెయ్యి గాల్లోకి చాచి, బరువు సర్దుకుంటూ నడుస్తోంది. నడుం ఒక పక్కకి ఒరిగింది. పావడా మోకాళ్ల దగ్గర కుడివైపుకి ఊగి, మళ్లీ వచ్చి కాళ్లకు తగులుతోంది.

ఒదీల్ నోట్లోని గుండుసూదులు అరచేతిలోకి ఉమ్మింది.

"దించకు" అంది.

"బరువే మదాం."

"దించకన్నాను. అక్కడే ఉండు. కాదు, నడువు. కిటికీ దాకా నడువు."

యోలాంద్ నడిచింది. ఒదీల్ నీలం కాగితం తెచ్చి కత్తిరింపు బల్ల మీద పెట్టింది. సుద్దముక్క తీసుకుని, చిరుగు అంచు దగ్గర కుడిచెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ్నుంచి బల్ల మీదికి గీత పొడిగించింది. మణికట్టు. పిడికిలి. ఒంపు తిరిగిన పిడి. దాని కింద బాల్చీ.

అమ్మాయిలు చుట్టూ మూగారు. గీతనూ యోలాంద్‌నూ మార్చి మార్చి చూశారు. తర్వాత అందరూ ఒకేసారి నవ్వారు. ఒదీల్ మాత్రం నవ్వలేదు. ఆమె పుట్టింది నివెర్నె పల్లెలో, బావి పక్క ఇంట్లో. అమ్మ రోజూ అలాగే నడిచేది, ఎడమచెయ్యి గాల్లో చాచి, ఎవరినో పిలుస్తున్నట్టు. ఆ చెయ్యి చూసి గుర్తుపట్టాల్సింది. పట్నం వచ్చి కుళాయి తిప్పడం అలవాటై, నీళ్లకు బరువుంటుందన్న సంగతే మర్చిపోయింది.

"వంకర గౌనులో లేదు" అంది. "మనిషి మోస్తోంది. గౌను తిన్నగానే ఉంది."

"మరి ఇన్నాళ్లూ మనం?"

"మనిషి వంగితే గౌనుని వంచాం. గీతలో ఉన్నదంతా కుట్టేశాం. ఇప్పెయ్యండి. రెండు భుజాలూ సమానం చెయ్యండి."

జినెత్ కత్తెర తీసుకుని కుట్లు విప్పబోతూ ఆగింది. "అయితే మదాం, కొనుక్కునే దొరసాని బాల్చీ మోస్తుందా?"

మంచి ప్రశ్నే. ఒదీల్ స్టూలు మీద కూర్చుని ఆలోచించింది. తిన్నగా కుడితే అది అందరి గౌన్లలాంటి గౌనే అవుతుంది. బాల్చీ లేకుండా బాల్చీ బరువు కావాలి. లేచి కిందంతస్తులో కోట్లు కుట్టే మగవాళ్ల గదికి వెళ్లింది. గాలికి కోటు అంచు ఎగరకుండా లోపల కుట్టే సీసం బిళ్లలు వాళ్ల దగ్గర డబ్బాలో ఉంటాయి. గుప్పెడు అడిగి తెచ్చుకుంది. పావడా కుడి పక్కన గుడ్డ కిందికి సాగేలా క్రాసు కటింగు చేసింది. అంచు మడతలో బిళ్లలను నాడాలో పెట్టి కుట్టింది. ముందు వైపు బిళ్ల ఒకటి తగ్గించింది. నడిచేటప్పుడు ఆ పక్క ఊగాలి, నేల రాయకూడదు. సాయంత్రందాకా అమ్మాయిలు పాటలు పాడుకుంటూ పనిచేశారు.

శుక్రవారం వాళ్లు కిందకు దిగేసరికి అద్దం గదిలో మొస్యూ, డైరెక్టరమ్మ, మిగతా గదుల పెద్దలు ఉన్నారు. యోలాంద్ నిండు బాల్చీతో తలుపు దాటి లోపలికి వచ్చింది.

"నీళ్లు" అంది డైరెక్టరమ్మ. "కార్పెట్ మీద నీళ్లు."

"తొణకవు మదాం" అంది యోలాంద్. "నిన్నంతా ఇదే ప్రాక్టీసు."

ఆమె గది ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. మొస్యూ అద్దంలో చూస్తున్నాడు. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. యోలాంద్ తిరిగి వెనక్కి నడుస్తుండగా ఆయన పెదవులు కదిలాయి.

"ఫిలోమెన్" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన అద్దంతో మాట్లాడుతున్నట్టే చెప్పాడు. "ఊళ్లో నాకు వండిపెట్టే మనిషి. పొద్దున్నే చిక్కుడు పాదులకి నీళ్లు పోస్తుంది. నేను కిటికీ దగ్గర కాఫీ తాగుతున్నాను. చక్కెర పొట్లం విప్పిన కాగితం చేతిలో ఉంది. దాని సగం మీద ఆవిడ లెక్కలు రాసుకుందని ఆ సగం చింపేశాను. బాల్చీకి చోటు చాల్లేదు." ఆగాడు. "ఏం గీశానో నేనే మర్చిపోయాను. ఏదో బాగుందని మాత్రం గుర్తుంది."

పెరిగో చేతిగుడ్డతో నోరు మూసుకుంది. డైరెక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "బాగానే ఉంది మొస్యూ. కానీ గౌనుతో పాటు బాల్చీ కూడా అమ్ముతామా?"

"బాల్చీ దించు" అన్నాడు మొస్యూ.

యోలాంద్ ఒదీల్ వైపు చూసింది. ఒదీల్ తల ఊపింది. బాల్చీ నేల మీద పెట్టగానే యోలాంద్ భుజం పైకి లేచి ఎడమదానితో సమానమైంది. చెయ్యి ఊపుకుంటూ నడిచింది. గౌను మాత్రం ఇంకా నీళ్లు మోస్తూనే ఉంది. పావడా కుడి పక్కకి ఒరిగి, ఊగి, మోకాలికి తగిలి, మళ్లీ ఒరిగింది. చూసేవాళ్లకు ఆ మనిషి ఏదో బరువు ఇప్పుడే దించి, తేలిగ్గా ఇంటికి వెళ్తున్నట్టుంది.

మొస్యూ కుర్చీలోంచి లేచాడు. అద్దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. యోలాంద్ ఎదురుగా నడిచి వస్తుంటే తిన్నగా ఆమెనే చూశాడు. ఆయన అలా చూడటం ఆ గదిలో ఎవరూ ఎరగరు. పెరిగో కూడా ఎరగదు. వంగి గౌను అంచును వేళ్లతో తడిమాడు. బిళ్లలు తగిలాయి.

"నల్ల ఉన్నితో కుట్టు" అన్నాడు ఒదీల్‌తో. "మెత్తటిది. బొత్తాలు ఎముకవి పెట్టు."

అంతే. డైరెక్టరమ్మ బాల్చీ పట్టుకెళ్లమని చెప్పింది. కార్పెట్ మీద ఒక్క చుక్క కూడా పడలేదని యోలాంద్ అందరికీ చూపించింది.

ప్రదర్శన రోజున కుట్టేవాళ్లకు పెద్దగదిలో చోటుండదు. వెనకమెట్ల మీద కూర్చుని, చప్పట్లను బట్టి ఏది ఎలా ఉందో ఊహించుకుంటారు. ఒదీల్ పెరిగో పక్కన కూర్చుంది. తలుపు వారగా తీసి ఉంది. ఆ తలుపు పక్కనే, గోడవారన, బంగారురంగు కుర్చీ అంచు మీద ఓ పల్లెటూరి ముసలమ్మ కూర్చుని ఉంది. పొద్దుటి రైలుకు వచ్చింది. ఆదివారం చర్చికి పెట్టుకునే నల్లటోపీ పెట్టుకుంది. ఒళ్లో గుడ్ల బుట్ట. అది ఎవరిచేతికీ ఇవ్వనంది. ముందు వరసలో కూర్చోమంటే, చూసేది గౌన్లేగా, ఇక్కణ్ణుంచి కూడా కనిపిస్తాయంది.

ఒక్కో గౌను వచ్చేటప్పుడు దాని పేరు చదువుతున్నారు. అన్నీ పువ్వుల పేర్లు, నదుల పేర్లు. మధ్యలో "ఫిలోమెన్" అని వినబడింది. ముసలమ్మ తనను పిలిచారేమోనని సగం లేచింది. మళ్లీ కూర్చుంది. నల్ల గౌనులో యోలాంద్ వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి. ముందు వరసల్లో అత్తరు రాసుకున్న ఆడవాళ్లు మాటలు ఆపేశారు. గది చివరిదాకా నడిచి, తిరిగి, తలుపు వైపు వస్తోంది. ముసలమ్మ మెడ చాచి చూసింది. కాసేపు చూసి, పక్క కుర్చీలో ఉన్న కొత్త మనిషితో, పొలం గట్టు మీద మాట్లాడే గొంతుతో అంది:

"అమ్మాయి బాల్చీ ఎక్కడ పెట్టి వచ్చిందండీ?"

గదిలో ఓ మూల నవ్వు పుట్టి చప్పట్లలో కలిసిపోయింది. తలుపు వెనక పెరిగో ఒదీల్ మోచేతిని పట్టుకుని గట్టిగా నొక్కింది. ఒదీల్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చప్పట్లు ఆగేదాకా మెట్టు మీద అలాగే కూర్చుంది.

ఆగస్టులో ఇంటికి సెలవులు. తాళాలు వేసే రోజున మిగిలిన గుడ్డలు సర్దడానికి ఒదీల్ పైకి వెళ్లింది. తన గది ముందు డైరెక్టరమ్మ పంపిన రంగులు వేసే మనిషి ఉన్నాడు. సుద్ద అక్షరాలు అప్పటికే తడిగుడ్డతో చెరిపేశాడు. వాటి చోట పెన్సిలుతో తిన్నటి గీతలు గీసి పెట్టుకున్నాడు.

"మీ పేరేనా?" అన్నాడు.

"నాదే."

"పొడుగ్గా లేదు. నాకు మంచిదైంది." కిందికెళ్లి రంగు డబ్బా తెచ్చాడు. నిండు డబ్బా. కుడిచేత్తో పట్టుకుని మెట్లెక్కుతున్నాడు, కుడి భుజం దిగి, ఎడమచెయ్యి గాల్లో చాచి.

ఒదీల్ అతనికి దారి ఇచ్చి, నవ్వుకుంటూ లోపలికి వెళ్లింది. ఈసారి తలుపుకు భుజం తగులుతుందేమోనని చూసుకోలేదు.